బట్ట కింది గాజు

పని మొదలుపెట్టే ముందు బుచ్చవ్వ ఎడమ చేత్తో కుడి ముంజేతిని ఒకసారి పైకి తోస్తుంది. తర్వాత కుడి చేత్తో ఎడమ ముంజేతిని. గాజులు అడ్డం రాకుండా మోచేతి వైపు నెట్టుకోవడం అది. గిన్నెలు తోమినా, ఆకు కత్తిరించినా, బస్సు ఎక్కడానికి కడ్డీ పట్టుకోబోయినా ముందు ఇది జరుగుతుంది. ఆమె చేతులకు గాజులు లేక ముప్పై ఏళ్లయింది.

ఆమె బీడీలు చేస్తుంది. ధర్మపురికి మూడు కిలోమీటర్ల దూరంలో ఊరు. సాయంత్రం తునికాకు తడిపి గుడ్డలో చుట్టి పెడుతుంది. పొద్దున కత్తిరిస్తుంది. ఆపైన ఒళ్లో చాట, చాటలో తంబాకు. ఒకప్పుడు దీపాల వేళకు వెయ్యి అయ్యేవి. ఇప్పుడు ఏడు వందలు. వయసు యాభై ఎనిమిది.

ఆ ఊళ్లో ఆడవాళ్లు అరుగుల మీద నలుగురైదుగురు కలిసి కూర్చుని బీడీలు చేస్తారు. చేతులు వాటంతట అవి పని చేసుకుపోతాయి, నోళ్లు ఖాళీగా ఉంటాయి. ముచ్చట్లు నడుస్తాయి, పాటలు నడుస్తాయి. బుచ్చవ్వ తన ఇంట్లో, గోడకు ఆనుకుని, ఒక్కతే చేస్తుంది. పాడదు.

ఒకప్పుడు పాడేది. ఆమె గొంతు వాడ దాటి వినిపించేదని చెబుతారు.

పందొమ్మిది వందల తొంభై నాలుగులో, పండుగకు నెల ముందు, కరీంనగర్‌లో ఒకాయన బతుకమ్మ పాటల క్యాసెట్ వేయాలనుకున్నాడు. సినిమా గొంతులు వద్దు, ఊరి గొంతులు కావాలన్నాడు. ధర్మపురి వైపు నుంచి ఏడుగురిని పిలిపించాడు. ఏడుగురూ ఒక్క ఊరివాళ్లే. అందులో బుచ్చవ్వ ఒకతె. అప్పుడు ఆమెకు ఇరవై ఎనిమిది. కూతురు జమునకు నాలుగు. భర్త దశరథం సౌదీలో, దమ్మాంలో ఉన్నాడు, రెండేళ్లుగా.

రికార్డింగ్ గది ఒక గోదాం మీద ఉండేది. గోడలకు గోనె సంచులు వేలాడదీశారు. మధ్యలో ఒక్క మైకు. అద్దానికి అవతల స్పూలు టేపు మిషను, దాని ముందు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫజలుద్దీన్. మిషను అతనిదే, పని అతనిదే.

ఆడవాళ్లు అలవాటుగా గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ ఎత్తుకున్నారు. అతను బయటికి వచ్చి చప్పట్లు వద్దన్నాడు. మళ్లీ ఎత్తుకున్నారు. మళ్లీ వచ్చాడు.

"అమ్మా, జర గాజులు తీసి గిండ్ల పెట్టున్రి. పాట అయినంక ఏసుకోన్రి. మైకు మీ గొంతుల కంటె గాజులనే ఎక్కువ పడ్తున్నది."

తలుపు దగ్గర స్టూలు మీద స్టీలు పళ్లెం పెట్టి వెళ్లాడు.

మొగుడున్న ఆడది చేతులు బోసిగా ఉంచదు. గాజులు మార్చుకునేటప్పుడు కూడా ఒకటి ఉంచుకుని తక్కినవి తీయించుకుంటుంది. కొత్తవి ఎక్కాకే ఆ ఒకటీ దిగుతుంది. ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరిలో పెద్దామె లస్మవ్వ నవ్వి, కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి గాజుకు మారుగా మణికట్టుకు కట్టుకుని, గాజులు తీసి పళ్లెంలో వేసింది. మిగతావాళ్లు ఆమె చేసినట్టే చేశారు.

బుచ్చవ్వ గోడ వైపు తిరిగింది. సద్దిమూట విప్పి గుడ్డను రెండుగా చింపింది. గాజుల మీదుగా ఒక్కో చేతికి బిగించి చుట్టి, పైన కొంగు కప్పుకుంది. పళ్లెం మీదికి వంగి అందరిలాగే చేయి ఆడించింది. వచ్చి వెనక వరుసలో నిలబడింది. పాటలు అయ్యాక మళ్లీ పళ్లెం మీదికి వంగి, వేసుకున్నట్టు చేయి ఆడించింది. అందరూ చూశారు. ఎవరూ పట్టించుకోలేదు.

తిరుగు బస్సులో లస్మవ్వ అన్నది: "గంటసేపు ఏడుగురం ముండమోసినం పో."

ఏడుగురూ నవ్వారు. బుచ్చవ్వ కూడా నవ్వింది. ఆ మాట ఊరికి చేరింది. ఊరు కూడా నవ్వింది.

క్యాసెట్ పండుగకు అందింది. ప్రతి వాడలో అదే మోగింది. సద్దుల బతుకమ్మ అయిన పదకొండో రోజు ధర్మపురి ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ వచ్చింది. దశరథం క్యాంపులో రాత్రి పడుకుని పొద్దున లేవలేదు. శవం రావడానికి నెల పట్టింది.

పదో దినం గోదావరి ఒడ్డున బుచ్చవ్వ గాజులు పగలగొట్టారు. ఆకుపచ్చవి, పసుపు చుక్కలవి. ఆ ఏడు నర్సింహస్వామి జాతరలో వేయించుకున్నవి. అప్పటి నుంచి అవి ఒక్కసారి కూడా చేయి దిగలేదు. ఆ సంగతి ఆమెకు ఒక్కదానికే తెలుసు.

దశరథం చెల్లెలు నర్సవ్వ అక్కడే ఉంది. ఆమెను ఊళ్లోకే ఇచ్చారు, ఐదిళ్ల అవతలికి. నర్సవ్వ ఏడవలేదు.

"పాట కోసం పళ్లెంల తీసిపెట్టింది," అన్నది. "అవి అప్పుడే పోయినయి. గిప్పుడు పలగ్గొట్టుడు ఎందుకు?"

"నేను తియ్యలే," అన్నది బుచ్చవ్వ.

మిగతా ఆరుగురినీ అడిగారు. ఆరుగురూ చూసింది చెప్పారు. పళ్లెం మీదికి వంగింది, చేయి పెట్టింది, మళ్లీ వేసుకుంది. బుచ్చవ్వ గుడ్డ సంగతి చెప్పింది, వంగినట్టు నటించిన సంగతి చెప్పింది. చెప్పిన కొద్దీ అది మాట మార్చినట్టే కనిపించింది. ఆ ఆరుగురికీ భర్తలున్నారు. తాము తీసి కూడా బాగున్నామని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒకవేళ బుచ్చవ్వ తీయలేదంటే, తీసిన తమ సంగతి ఏమిటన్న భయం కూడా ఉండి ఉండవచ్చు.

అప్పటి నుంచి నర్సవ్వ ఆ ఇంట్లో మంచినీళ్లు తాగలేదు. జమున పెళ్లికి వచ్చింది, అక్షింతలు వేసింది, తినకుండా వెళ్లిపోయింది. ఏటా పండుగకు ఆ క్యాసెట్ మైకులో వేసేవారు, క్యాసెట్లు పోయాక ఫోన్లోంచి వేశారు. అది మొదలు కాగానే బుచ్చవ్వ చాట తీసుకుని లోపలికి వెళ్లేది.

జమున చిన్నప్పుడు టేపురికార్డరుకు చెవి ఆనించి ఆ పాటలు వినేది. తల్లి గొంతు ఏదో కనుక్కోవాలని మొదట. తర్వాత గాజుల చప్పుడు కోసం. రేకు మీద వాన పడ్డట్టు బరబర తప్ప దొరికేది కాదు.

ఇప్పుడు జమున కరీంనగర్‌లో ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. కిందటేడు చలికాలంలో, రెండు వీధుల అవతల షాజాదీ బేగం ఇంటికి కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్లింది. ముందు గదిలో ఒక ముసలాయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెవుల మీద పెద్ద నల్లని హెడ్‌ఫోన్లు.

"ఏమింటుండు చాచీ?" అని అడిగింది జమున.

"ఏమింటడు. ముప్పై ఏండ్ల కింద తను రికార్డు చేసిన పాటలనే ఇంటుండు. మా కొడుకు అవేజ్ రియాద్‌ల ఏదో సౌండు కంపెనీల జేస్తడు, వాడు పంపిండు గా డిప్పలు. పెండ్లం చెప్పింది ఇనవడది గని, గవన్ని ఇనవడ్తున్నయట."

ముసలాయన ఒక చెవి వైపు తీశాడు. "గీ పాటల డోలక్ ఆయన కుర్చీ కిర్రుమన్నది. ఇన్నేండ్ల సంది ఇంటున్న, గా కుర్చీ ఇయ్యాల దొరికింది."

"పాట ఇనుమంటె కుర్చీ ఇంటడు," అన్నది షాజాదీ బేగం.

జమున బట్టల సంచి కింద పెట్టింది. "లేని సప్పుడు గూడ పుట్టిస్తదా చాచా అది?"

"లేనిది యాడికెళ్లి తెస్తది బేటీ? టేపుల ఉన్నదే ఇస్తది. గోడ గీకితె పాత సున్నం కనవడ్తది. కొత్త సున్నం రాదు."

"ధర్మపురి దిక్కు ఆడోళ్లు ఏడుగురు పాడింది బతుకమ్మ క్యాసెట్. అది నువ్వే జేసినవా?"

"నేనే."

"అండ్ల గాజుల సప్పుడు ఇనవడ్తదా?"

"ఇనవడది," అన్నాడు ఫజలుద్దీన్, కొంచెం గర్వంగా. "నేనే తీపిచ్చిన."

జమున నిలబడే అంతా చెప్పింది. పళ్లెం, గుడ్డ, గోదావరి ఒడ్డు, మేనత్త. అతను రెండో చెవి నుంచి కూడా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. షాజాదీ బేగం తన చేతుల వైపు ఒకసారి చూసుకుంది.

"క్యాసెట్ల దొరకది," అన్నాడు అతను చివరికి. "నకలు మీద నకలు అది. అసలు స్పూలు చూడాలె. ఉంటె అటక మీద ఉండాలె."

స్పూలు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. టేపు అక్కడక్కడ అతుక్కుపోయింది. పాత మిషను బాగుచేయించి, కంప్యూటర్లోకి ఎక్కించడానికి మరో వారం. తర్వాత ఫోన్ చేశాడు. "మీ అవ్వను తోల్కరా బేటీ." ఇంకేం చెప్పలేదు.

బుచ్చవ్వ మొదట రానన్నది.

"లేకుంటె?" అని అడిగింది.

"లేకుంటె లేదు. గిప్పటి లెక్కనే ఉంటది."

"గిప్పటి లెక్క ఉండది. ముప్పై ఏండ్ల సంది అందరు ఒక్కటే మాట అంటుంటె నాకు గూడ పళ్లెంల ఆకుపచ్చ గాజులే కనవడ్తున్నయి. కలల. టేపుల గూడ లేకుంటె, ఇగ నేను తీసిన్నేమో."

అలా అన్నాక చీర మార్చుకుంది. ధర్మపురిలో బస్సు వచ్చినప్పుడు ముంజేతుల మీద ఒకసారి తోసుకుని కడ్డీ పట్టుకుంది.

ఫజలుద్దీన్ ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె కూడా అతన్ని గుర్తుపట్టలేదు. అతను నమస్కారం చేసి కుర్చీ చూపించాడు. హెడ్‌ఫోన్లు జమునే తల్లి తలకు పెట్టింది. కొప్పు అడ్డం వస్తే విప్పి, జారవిడిచింది.

"ముందుగాల ఉత్తగ ఇను చెల్లె," అన్నాడు అతను. "దేన్నీ వెతకకు."

పాట మొదలైంది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. కొంతసేపటికి అన్నది, అందరికీ వినబడేంత గట్టిగా, చెవులు మూసి ఉన్నవాళ్లు మాట్లాడినట్టు: "లస్మవ్వ ఊపిరి."

లస్మవ్వ పోయి పదహారేళ్లయింది. ప్రతి చరణం ఎత్తే ముందు ఆమె ముక్కుతో ఊపిరి లాగుతుంది. ఊళ్లో అందరికీ తెలిసిన అలవాటు. క్యాసెట్‌లో ఎన్నడూ లేదు. ఇక్కడ ఉంది. తర్వాత ఎవరో గొంతులోనే మింగిన దగ్గు. తర్వాత ఒకరి కాలి మట్టె నేలకు రాసుకోవడం.

ఫజలుద్దీన్ పాట ఆపి మూడో చరణం దగ్గరికి తెచ్చాడు.

"'ఉయ్యాలో' అన్న కాడ ఇను. చప్పట్లు పడే కాడ."

మళ్లీ నడిచింది. బుచ్చవ్వ కదలకుండా కూర్చుంది. చరణం అయిపోయింది. అతను మళ్లీ వేశాడు. ఈసారి ఆమె కుడిచేయి ఒళ్లోంచి కొంచెం లేచి, ఎడమచేతి మీద పడకుండా ఆగింది. లేచింది, ఆగింది. లేచింది, ఆగింది.

"గదే," అన్నది.

జమున విన్నది. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరికింది. గొంతులన్నిటి వెనక, టిక్కుమని ఒకటి. ఎండిన కంది కాయ ఒకటి చిట్లినట్టు.

"అది పళ్లెంల గాజులు కదిలిన సప్పుడైతే?" అని అడిగింది జమున. ఆ ప్రశ్న ఎవరు అడుగుతారో ఆమెకు తెలుసు.

"పళ్లెం తాళానికి కదలది," అన్నాడు ఫజలుద్దీన్. "ఇది చప్పట్లు పడే కాడనే పడ్తున్నది, వేరే యాడ పడ్తలేదు. చేయి చప్పట్లు కొట్టబోయి ఆగుతున్నది. ఇంగొకటి. ఉత్త గాజు మోగితె సప్పుడుకు తోక ఉంటది, ఖణ్... అని సాగుతది. దీనికి తోక లేదు. బట్ట కింద ఉన్నది."

అతనే మళ్లీ అన్నాడు.

"గా దినం గూడ ఇన్న. ఏందో టిక్కుమంటున్నది అని. ఫ్యాన్ అనుకున్న. ఫ్యాన్ బంద్ చేపిచ్చిన, మీరు చెమటల పాడిన్రు. చెల్లె, నువ్వు గప్పుడే చెప్పకపోతివి."

"చెప్తె పాట ఆపుతుంటివి."

"ఆపుతుంటి," అని ఒప్పుకున్నాడు.

షాజాదీ బేగం చాయ్ తెచ్చింది. అతను అదే పాటను జమున ఫోన్లోకి పంపాడు. బస్టాండు దగ్గర కొన్న జమున ఇయర్‌ఫోన్ల మీద ఒకసారి వేసి చూడమన్నాడు. జమున చూసింది. టిక్కు అక్కడ కూడా ఉంది. సన్నగా, కాని ఉంది.

"దీంట్ల గూడ ఉన్నది," అన్నది ఆశ్చర్యంగా.

"యాడ ఉన్నదో ఎరుకైనంక ఎండ్లనైనా ఉంటది. ఎరుక చేసుడే గీ డిప్పల పని. గంతే."

"గంతే అంట," అన్నది షాజాదీ బేగం. "గంత దానికి పొద్దుమాపు నెత్తిన మోస్తడు."

ఆ సాయంత్రమే తల్లీకూతుళ్లు ఊరికి వచ్చారు. బుచ్చవ్వ ఇంట్లోకి వెళ్లి ఆకు తడిపింది. జమున ఐదిళ్లు నడిచి నర్సవ్వ అరుగు ఎక్కింది.

నర్సవ్వ ఆ రోజు చేసిన బీడీలను కట్టలు కడుతోంది. జమున చెప్పింది విన్నది, కట్టడం ఆపలేదు.

"నా చెవులు నీ చెవుల లెక్క లేవు," అన్నది.

"ఒక్కసారి పెట్టుకో అత్తమ్మా. వద్దంటె తీసెయ్."

నర్సవ్వ దారం పక్కన పెట్టింది. జమున ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టి, ఒక దానికి తన చెవి దగ్గరగా ఆనించి, టిక్కుమన్న ప్రతిచోటా మేనత్త మోకాలి మీద వేలితో కొట్టింది.

"నువ్వు కొడితె ఇనవడ్తది," అన్నది నర్సవ్వ. "కొట్టకుంటె ఇనవడది. ఏం పిల్లవే, నాకు బడి జెప్తున్నవా?"

"సరే. కొట్ట."

జమున లేచి అరుగు చివరికి వెళ్లి నిలబడింది. పాట మొదటి నుంచి నడిచింది. మొదటి చరణంలో నర్సవ్వ వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. రెండో చరణంలో కళ్లు దించింది. మూడో చరణంలో ఆమె చూపుడు వేలు మోకాలి మీద ఒకసారి పడింది. ఆగి మళ్లీ పడింది. తర్వాత తప్పలేదు.

పాట అయ్యాక ఇయర్‌ఫోన్లు ఆమే తీసింది. తీగను వేళ్లకు చుట్టి, ముడి వేయకుండా జమునకు ఇచ్చింది.

ఈలోగా బుచ్చవ్వ వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

నర్సవ్వ ఆమె వైపు చూసింది.

"తియ్యలేదు," అన్నది.

"తియ్యలే," అన్నది బుచ్చవ్వ.

"మరి మా అన్న ఎందుకు సచ్చిండు వదినె?"

అది నిందలా లేదు. నిజంగానే అడిగింది. ముప్పై ఏళ్లుగా ఆమె దగ్గర జవాబు ఉండేది, ఇప్పుడు లేదు. ఆ ప్రశ్న బుచ్చవ్వ కూడా ఇంతవరకు వేసుకోలేదు. తీయలేదని చెప్పుకోవడంతోనే ఇన్నేళ్లు గడిచాయి. తీయకపోయినా అతను పోయాడన్నది దాని వెనకే ఉంది.

"ఎరుక లేదు," అన్నది.

నర్సవ్వ తల ఊపింది. సగం కట్టిన కట్ట చేతిలోకి తీసుకుంది. బుచ్చవ్వ ఇంటికి వెళ్లిపోయింది. జమున ఆఖరి బస్సుకు కరీంనగర్ వెళ్లింది.

మరునాడు పొద్దున బుచ్చవ్వ తడిగుడ్డలోని ఆకు, కత్తెర, తంబాకు డబ్బా చాటలో పెట్టుకుంది. గోడ దగ్గర కూర్చోలేదు. తలుపు దగ్గరికి వేసి ఐదిళ్లు నడిచింది. నర్సవ్వ అప్పటికే అరుగు మీద ఉంది. తన ఆకు కట్ట పక్కకు జరిపింది. బుచ్చవ్వ ఆ ఖాళీలో కూర్చుంది. ఎండ అరుగు మీదికి వచ్చేసరికి బుచ్చవ్వవి రెండు వందలు అయ్యాయి. నర్సవ్వ లేచి లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి, తాను సగం తాగి, ఆమె ముందు పెట్టింది. బుచ్చవ్వ చేతిలో ఉన్న బీడీ పూర్తి చేసి, చాటలో వేసి, చెంబు అందుకుంది.